కళ్లేనికి కట్టిన పూలదారం

మా అక్క కూతురికి అప్పుడు పదమూడేళ్లు. ఉగాది రోజు పచ్చడి గిన్నె నా చేతికిచ్చి, "మామా, డిసెంబరులో బెంగళూరులో పిల్లలకు జంపింగ్ పోటీ ఉందంట. నేనూ కొండయ్యా పోతా ఉండాం" అంది. అడగడం కాదు, చెప్పేసింది. కొండయ్య మనిషి కాదు, గుర్రం. రేసుల్లో ఉన్నప్పుడు కాగితాల మీద నోరు తిరగని ఇంగ్లీషు పేరేదో ఉండేది. ఇక్కడికొచ్చాక గుర్రాలను చూసుకునే మా సైసు తాత దాన్ని పలకలేక కొండయ్య అన్నాడు, అదే నిలిచిపోయింది.

నేను పశువుల డాక్టర్ని. తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివేటప్పుడు ఎన్‌.సి.సి.లో గుర్రాల విభాగంలో ఉండేవాణ్ణి. పొద్దున ఐదింటికి లాయం ఊడ్చి, లద్దె ఎత్తిపోసి, ఆ తర్వాతే జీను ముట్టుకోవాలి. మా ఉస్తాద్ "ఏడీ నీచే" అని అరిచిన అరుపు ఇప్పటికీ చెవిలో మోగుతుంది. మడమ కిందికి దించమని. ఇప్పుడు ఆవులతో, గేదెలతో, కుక్కపిల్లలతో బతుకు గడుస్తోంది. చంద్రగిరి దాటాక ఒక మామిడితోటలో నాలుగు గుర్రాలున్నాయి. వాటికి వైద్యం నేను చూస్తాను, దానికి బదులు అక్కడ పిల్లలకు స్వారీ నేర్పుకోవచ్చు. తోట యజమానికీ నాకూ నోటిమాట ఒప్పందం, అంతే.

పోటీకి ఇద్దరు తేలారు. మా పాప, చిత్తూరు నుంచి వచ్చే పన్నెండేళ్ల పిల్లాడు. వాళ్ల నాన్నది గ్రానైట్ వ్యాపారం. పిల్లాడు ఎక్కేది చిట్టి అనే పోనీని, అంటే పొట్టి గుర్రాన్ని. బుద్ధిమంతురాలు, కాస్త తిండిపోతు. అంతర్జాతీయ గుర్రపుస్వారీ సమాఖ్య లెక్కలో 12 నుంచి 14 ఏళ్ల వాళ్లు చిల్డ్రన్, ఆ పైన 18 దాకా జూనియర్లు. మా వాళ్లు వెళ్లేది అంత పెద్ద పోటీకేం కాదు. పిల్లాడు దూకాల్సిన కర్ర ఎత్తు 60 సెంటీమీటర్లు, పాపకు 80. అయినా 80 సెంటీమీటర్ల కర్ర నేల మీద నిలబడి చూస్తే ఒకటి, పరిగెత్తే గుర్రం చెవుల మధ్య నుంచి చూస్తే ఇంకొకటి.

ముందు పాప చేతుల సంగతి చెప్పాలి. భయమేస్తే బిగుసుకుపోతాయి. మామూలు గుర్రమైతే కళ్లెం లాగితే నెమ్మదిస్తుంది. రేసు గుర్రానికి మాత్రం కళ్లేన్ని ఆనుకుని పరిగెత్తడం అలవాటు, లాగేకొద్దీ ఊపందుకుంటుంది. పాప లాగుతుంది, కొండయ్య ఉరుకుతాడు. వాడు ఉరికేకొద్దీ పాప ఇంకా లాగుతుంది. మైదానం చివర కంచె దగ్గర ఇద్దరూ ఆగి రొప్పుతుంటారు.

గుర్రం దూకేటప్పుడు మెడ చాచుతుంది. ఆ క్షణంలో చేతులు వదులవ్వకపోతే ఇనుము నోట్లో గట్టిగా తగులుతుంది. దూకితే నొప్పి అని దానికి రెండుసార్లలో అర్థమైపోతుంది, మూడోసారి మొరాయిస్తుంది. ఒకప్పుడు సైన్యాల్లో దూకేటప్పుడు వెనక్కి వాలేవాళ్లు. 1900 ప్రాంతంలో ఇటలీ అశ్వికదళంలో ఫెడెరికో కాప్రిల్లి అనే అధికారి అది తప్పని చూపించాడు. ముందుకు వంగి, గుర్రం మెడను గుర్రానికే వదిలేయమన్నాడు. ఇప్పుడు ఒలింపిక్స్‌లో చూసే కూర్చునే తీరు ఆయన దారిలోదే. ఇదంతా పాపకు చెప్తే, "అయితే నేనేం చేయాల మామా?" అంది. "ఏమీ చేయకుండా కూర్చోవాల" అన్నాను. మొహం మాడ్చుకుంది.

మాటలతో అయ్యేది కాదని గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలంగట్లో మల్లెపూలు కట్టే తెల్ల నూలుదారం ఒక ఉండ కొన్నాను. పగ్గాలను కళ్లెం రింగులకు బకిల్‌తో కాకుండా ఆ దారంతో రెండు చుట్లు చుట్టి ముడేశాను. గుర్రం తలకు వేరే తాడు కట్టి అది నా చేతిలో పెట్టుకున్నాను, ఏం జరిగినా ఆపడానికి. చేతులు మెత్తగా ఉంటే దారం ఆగుతుంది. కాస్త గుంజితే పుటుక్కున తెగి పగ్గం చేతిలోకి వచ్చేస్తుంది. మొదటిరోజు పదకొండుసార్లు తెగింది. తాత లాయం గోడ మీద సుద్దముక్కతో గీతలు గీశాడు. "ఈ లెక్కన పూలమ్మే ఆమెకే లాభం" అన్నాడు. పాపకు కోపమొచ్చి రెండు రోజులు రాలేదు. మూడోరోజు వచ్చి గీతలన్నీ చెరిపేసి, మళ్లీ కట్టమంది. జూన్ వచ్చేసరికి రోజుకు ఒకటో రెండో. ఆ తర్వాత ఒక వారమంతా గోడ ఖాళీగా ఉంది.

పిల్లాడికి కూడా కట్టాను. పది రోజులు చేశాడు. ఒక ఆదివారం వాళ్ల నాన్న చూడ్డానికి వచ్చి, "ఏంది సార్, దారాలతో ఆట? ఎప్పుడు ఎగిరిస్తారు?" అన్నారు. ఆ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

మొదటి రెండు నెలలు దూకడమే లేదు. నేల మీద నాలుగున్నర అడుగులకొకటి చొప్పున కర్రలు పరిచి వాటి మీద ట్రాట్, అంటే చిన్న పరుగు, చేయించడమే. గుర్రం తల దించి, ఎక్కడ కాలు వేయాలో తనే చూసుకుంటుంది. రేసు గుర్రానికి ఇది కొత్త. కొండయ్య మొదట ఆరు కర్రలనూ ఒకేసారి దాటేద్దామనుకున్నాడు. నడక మాత్రం కొండల వైపు, ఎత్తుపల్లాల్లో. బాగా తెల్లారాకే బయటికి తీసేవాళ్లం. శేషాచలం అంచుల్లో చిరుతలు తిరుగుతాయి, మనకంటే ముందు వాసన పట్టేది గుర్రమే. మేలో మళ్లీ తొమ్మిదైతే ఎండ పేలిపోతుంది. ఆ రెండు గంటల్లోనే అన్నీ. దించాక పది నిమిషాలకు దవడ కింద వేలు పెట్టి నాడి చూసేవాణ్ణి. నిమిషానికి 60 లోపు దిగిందంటే సరే, లేదంటే మరుసటి రోజు నడక ఒక్కటే.

సామాన్ల విషయంలో నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. జామాయిల్ కర్రలు కోయించి, అవి ఆనడానికి వెల్డింగ్ షాపులో ఇనప పట్టీలు చేయించాను. కర్ర జారిపోకూడదని గిన్నెలా లోతుగా చేయించాను. తగలగానే జారిపోవడమే కదా దాని పని! ఒకరోజు కొండయ్య ముందుకాలు కర్రకు తగిలింది, కర్ర కదల్లేదు. వాడు ముందు మోకాళ్ల మీద పడ్డాడు, పాప మెడ మీదుగా ఇసకలోకి. హెల్మెట్ పక్కన ఇంత గీత. ఇద్దరికీ ఏమీ కాలేదు, నాకు మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడే ఆ పట్టీలన్నీ కోయించి, అరచేయి కాస్త ముడిచినంత లోతు ఉంచాను. వెడల్పుగా రెండు వరసలు పెట్టే ఆక్సర్‌కైతే వెనక కర్ర బరువు పడగానే విడిపోయే పట్టీలు వేరే దొరుకుతాయి. అవి మాత్రం బెంగళూరు నుంచి తెప్పించాను.

రంగులూ అంతే. కళగా ఉంటుందని ఎరుపు, ఆరెంజ్ వేశాం. గుర్రం కంటికి నీలం, పసుపు బాగా తెలుస్తాయి. ఎరుపు, పచ్చ కలిసిపోతాయి. మాది ఎర్రమట్టి, వెనక మామిడి చెట్లు. మా కంటికి పెళ్లిపందిరిలా ఉన్న కర్రలు వాటి కంటికి ఆననే లేదు. తెలుపు, నీలం చారలు వేశాక, కర్రకు కాస్త ముందు నేల మీద ఇంకో కర్ర పెట్టాక, కొండయ్య ఎక్కడ కాలు లేపాలో వెతుక్కోవడం మానేశాడు.

పోటీలో కర్రల కింద పూలకుండీలు, బోర్డులు, నీలం రంగు నీటి తొట్లు ఉంటాయి. కొత్తది చూస్తే గుర్రం బెదురుతుంది కాబట్టి ఇంటి దగ్గరే వింతలన్నీ చూపించాలి. మనకు వింతలకేం కొదవ? ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ, ముప్పై మొహాలతో, కింద పరిచాం. చిట్టి వాసన చూసి, తొక్కి, దాటేసింది. కొండయ్య వారం రోజులు ఆ ముప్పై మందినీ నమ్మలేదు. తర్వాత పెళ్లి డప్పుల రికార్డింగ్ పెట్టాం, స్కూలు గంట తెచ్చి కొట్టాం.

నాకు బాగా నచ్చిన భాగం కొలతలు. క్యాంటర్‌లో, అంటే నెమ్మది దౌడులో, గుర్రం ఒక అంగ దాదాపు 12 అడుగులు. మనిషి మూడడుగుల అంగలు నాలుగు వేస్తే అంత. రెండు అడ్డుకర్రల మధ్య దూరాన్ని పిల్లలు ముందే నడిచి కొలుచుకోవాలి. దిగడానికి రెండు అంగలు, మళ్లీ లేవడానికి రెండు తీసేసి, మిగిలినదాన్ని నాలుగుతో భాగించాలి. ఎనిమిది అంగలు వస్తే మధ్యలో గుర్రానికి ఒక్క అంగ, ఇరవై వస్తే నాలుగు. మధ్యలో సగం మిగిలితే గుర్రం అంగ సాగనివ్వాలా, కుదించాలా అన్నది అక్కడే నిర్ణయించుకోవాలి. దీనికి ముందు మన అంగ సరిగ్గా మూడడుగులు కావాలి. మా బావ ప్లాట్లు కొలిచే టేపు తెచ్చి పాప వీధిలో సుద్దతో గీతలు గీసి, పొద్దునా సాయంత్రం నడిచేది. ఎదురింటావిడ మా అక్కను పిలిచి, "పిల్లకు ఏమైనా దిష్టి తీయించినారా?" అని అడిగిందట. పోనీ అంగ చిన్నది, అందుకే పిల్లాడి లెక్క వేరు. పాపకు నాలుగు వచ్చిన చోట చిట్టికి ఐదు పడతాయి. వాడు లెక్కల్లో చురుకు, నోట్లోనే చెప్పేసేవాడు.

ఆ చురుకుదనం చూసే నేను తొందరపడ్డాను. వాళ్ల నాన్న ప్రతి ఆదివారం ఫోన్ కెమెరా పట్టుకుని కంచె దగ్గర నిలబడేవారు. "మావాడు ఇంకా మోకాలెత్తులోనే ఉండాడా సార్?" మొదట దారం తీసేశాను. తర్వాత మూడు వారాల్లో 45 నుంచి 75కు పెంచాను. వద్దు అని చెప్పొచ్చు, చెప్పలేదు. ఆయన కట్టే ఫీజుతోనే నాలుగు గుర్రాలకూ ఉలవలు వస్తున్నాయి. మొహమాటం ఒకటి, అవసరం ఒకటి.

ఆగస్టులో చిట్టి ఆగిపోయింది. కర్ర దాకా బాగా వచ్చి, ముందుకాళ్లు పాతి, తల ఎగరేసేది. పిల్లాడు పగ్గం బిగించి కాళ్లతో పొడిచేవాడు. నేను "తరుము, తరుము" అని అరిచాను. సిగ్గుపడుతూనే రాస్తున్నాను. నాలుగో రోజు తాత వచ్చి నెమ్మదిగా, "సార్, చిట్టి ఉలవలు నమిలి నమిలి ఉండలు చేసి కింద ఊస్తా ఉంది. నాల్రోజులాయె" అన్నాడు.

నోరు తెరిపించి, నాలుక పక్కకు పట్టుకుని టార్చి వేసి చూశాను. గుర్రానికి పళ్లు బతికినన్నాళ్లూ పైకి వస్తూనే ఉంటాయి, నమిలేకొద్దీ అరుగుతుంటాయి. పై దవడ వెడల్పు, కింది దవడ ఇరుకు కాబట్టి పై పళ్ల బయటి అంచు అరక్క కత్తిలా మిగిలిపోతుంది. చిట్టి బుగ్గ లోపల రెండు వైపులా పుండ్లు, ఒకటి వేలెడంత. కళ్లెం బిగిసినప్పుడల్లా బుగ్గ ఆ అంచుకు నొక్కుకుంటోంది. ఊళ్లో అందరి గేదెల నోళ్లూ చూసే డాక్టరు, తన లాయంలో పోనీ నోరు ఏడాదిగా చూడలేదు. మత్తిచ్చి, పొడుగు ఆకురాయితో అంచులు రాకించి, మూడు వారాలు కళ్లెమే పెట్టనివ్వలేదు. తర్వాత మళ్లీ నేల మీద కర్రల నుంచే మొదలు. వాళ్ల నాన్నకు సంగతి చెప్పాను. ఆయన "అట్లనా" అన్నారు. పిల్లాడు మాత్రం చిట్టి దగ్గర చాలాసేపు నిలబడి, దాని నోట్లోకి చూడ్డానికి ప్రయత్నించాడు. అది వాడి చొక్కా బొత్తాం కొరికింది.

సెప్టెంబరులో ఒక రాత్రి పదకొండింటికి తాత ఫోను. కొండయ్య పొట్ట వైపు తిరిగి చూస్తున్నాడు, నేల తవ్వుతున్నాడు, పడుకుని దొర్లుతున్నాడు. కడుపునొప్పి. గుర్రం వాంతి చేసుకోలేదు, లోపలికి పోయింది వెనక నుంచే రావాలి, అందుకే దానికి కడుపునొప్పంటే ప్రాణం మీదికే. నొప్పి తగ్గడానికి సూది వేసి, ముక్కు గుండా గొట్టం దింపి, తెల్లవారుజాము దాకా దగ్గరే ఉండి కొంచెం కొంచెంగా నడిపించాం. పొద్దున వాడు వేసిన లద్దెను చేతి తొడుగులో వేసి, నీళ్లు పోసి, చిలికి వేలాడదీశాను. పావుగంటకు వేళ్ల కొసల్లో రెండంగుళాల ఇసక పేరుకుంది. గడ్డి నేల మీద వేస్తున్నాం కదా, గడ్డితో పాటు ఇసక తింటున్నాడు. అప్పటి నుంచి గడ్డి వలలో, దాణా రబ్బరు తొట్టిలో, నెలకు వారం రోజులు ఇసబ్‌గోల్. పాప ఆ తొడుగు పరీక్ష తన పని చేసుకుంది. ప్రతి శనివారం తొడుగు వేలాడదీసి, వేళ్లు నొక్కి చూసి, ఫోటో పంపేది. పొద్దున కాఫీ తాగుతూ చూసే ఫోటో కాదది.

నవంబరులో వానలు. రెండు వారాలు మైదానం చెరువు. లాయంలో నిలబడి నిలబడి కొండయ్యకు పొగరెక్కింది. గ్లాండర్స్ అనే గుర్రాల అంటురోగం పరీక్షకు రక్తం తీసి పంపడం, టీకా కాగితాలు, లాడాలు మార్పించడం ఆ రెండు వారాల్లో అయ్యాయి. లాడాలు పోటీకి పది రోజుల ముందే కొట్టించాలి, మేకు ఎక్కడైనా నొప్పి పెడితే బయటపడటానికి అంత వ్యవధి కావాలి.

లారీలో తిరుపతి నుంచి బెంగళూరు రెండు వందల యాభై కిలోమీటర్లు. తలలు మరీ పొట్టిగా కట్టకూడదు. తల దించలేకపోతే ముక్కులోకి పోయిన దుమ్ము ఊపిరితిత్తుల్లోకి దిగి మర్నాటికి జ్వరం వస్తుంది. పలమనేరులో ఆపి, దించి, తల కిందికి పెట్టించి, ఇంటి నుంచి తెచ్చిన నీళ్లే తాగించాం. ఊరు మారితే గుర్రాలు నీళ్లు తాగడానికి కూడా వంకలు పెడతాయి. మొగిలి ఘాట్‌లో డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా వెనక గిట్టల చప్పుడు. తాత లోపలే నిలబడి చిట్టి మెడ మీద చేయి వేసుకుని ఏదో తమిళ పాట కూనిరాగం తీస్తున్నాడు.

పోటీ ముందు అందరూ మైదానంలోకి నడిచి దారి చూసుకుంటారు. కుడి చేతికి ఎర్ర జెండా, ఎడమకు తెల్లది ఉండేలా, వరస నంబర్లలో దూకాలి. తప్పు వరసలో దూకితే బయటికే. పాప దానికొక ఉపాయం కనిపెట్టింది, కర్రలకు తిరుపతిలోని చోట్ల పేర్లు పెట్టుకుంది. ఒకటో నంబరు బస్టాండు, రెండోది నాలుగు కాళ్ల మండపం, మూడు లీలామహల్, నాలుగు కపిలతీర్థం. నీటి తొట్టి ఉన్నది కనుక అదే కపిలతీర్థం. చివరిది అలిపిరి. దారి మొత్తం వేళ్ల మీద చెప్పుకుంటూ నడిచింది. పక్కన బెంగళూరు పిల్ల ఒకతి వింతగా చూసింది.

ముందు పిల్లాడి వంతు. గంట కొట్టాక 45 సెకన్లలో మొదలుపెట్టాలి. మొదటి నాలుగు శుభ్రంగా దాటాడు. ఐదోది తిప్పుకుని రావాలి. మలుపులో వాడికి టెన్షన్ వచ్చింది, చేతులు పొట్టలోకి వచ్చేశాయి. గట్టున నిలబడి నాకు కనిపిస్తూనే ఉంది, అరవకూడదు. చిట్టి తలెత్తింది, ఆగింది. నాలుగు ఫాల్ట్లు, అంటే తప్పు మార్కులు. మళ్లీ తిప్పాడు, ఇంకా బిగించాడు. చిట్టి మళ్లీ ఆగింది. రెండోసారి మొరాయిస్తే అక్కడితో సరి, గంట మోగింది. వాడు తల వంచి నమస్కారం పెట్టి బయటికొచ్చాడు. వాళ్ల నాన్న ఫోను జేబులో పెట్టుకున్నారు. అది వాడి తప్పు కాదని నాకు తెలుసు. దారం తీసేసింది నేను.

పాప మధ్యాహ్నం. కొండయ్య గేటు దగ్గర స్పీకరుకు బెదిరి పక్కకు గెంతాడు. పాప చేతులు కదపలేదు, మడమలు దించింది. కపిలతీర్థం దగ్గర వాడు నీళ్ల వైపు ఒక చూపు చూసి దూకేశాడు. మలుపుల్లో పాప పెదాలు కదులుతున్నాయి, ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆరో నంబరు వెనక కర్ర కొండయ్య వెనక గిట్టకు తగిలి, ఒక క్షణం ఊగి, పడింది. పాప వెనక్కి తిరిగి చూడలేదు. మొత్తం నాలుగు ఫాల్ట్లు, టైములోపే. ఏ ఫాల్టూ లేనివాళ్లు చాలామంది ఉన్నారు, రిబ్బనేమీ రాలేదు. దిగీ దిగగానే ఆ వెనక కాలు తడిమి వాపు ఉందేమో చూసి, అప్పుడు నా వైపు తిరిగి, "అలిపిరి దాకా పోయినాను మామా" అంది.

తిరుగు దారిలో చిత్తూరు చేరేసరికి రాత్రి ఒంటిగంట. బైపాస్ దగ్గర టీకొట్టు ముందు లారీ ఆపాం. వెనకే వాళ్ల కారు ఆగింది. పాప క్యాబిన్‌లో నిద్రపోతోంది. పిల్లాడు దిగి, లారీ సందుల్లోంచి చేయి పెట్టి చిట్టి ముక్కు నిమిరి, నా దగ్గరికొచ్చాడు.

"సార్, ఆ దారం ఇంకా ఉందా?"

"ఉండ అయిపోయింది అబ్బయ్యా, కొత్తది కొనాల" అని తాత టీ ఊదుకుంటూ జవాబిచ్చాడు.

వాళ్ల నాన్న పర్సు తీశారు. "ఎంతవుతుంది సార్?"

"పది రూపాయలు" అన్నాను.